లోజ్బాన్‌లో క్వాంటిఫైయర్ల స్కోప్: పదక్రమాన్ని చదివే ప్రోగ్రాం, ప్రాజెక్టు డైరీ

లోజ్బాన్ అంటే తర్కం ఆధారంగా కట్టిన కృత్రిమ భాష. క్వాంటిఫైయర్ అంటే "ప్రతి", "కనీసం ఒకటి", "రెండు" లాంటి ఎన్ని అన్నది చెప్పే మాట. స్కోప్ అంటే ఆ మాట వాక్యంలో ఎంతవరకు చెల్లుతుందన్నది. లోజ్బాన్ వాక్యం ఇస్తే దాని తర్కసూత్రం రాసిచ్చి, ఆ సూత్రం ఎన్ని లోకాల్లో నిజమవుతుందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం ఇది. అదే మాటను ఇంగ్లీషులో చెబితే ఎన్ని అర్థాలు వస్తాయో కూడా పక్కనే చూపిస్తుంది. ఎవరైనా మళ్లీ కట్టుకోవాలంటే కావలసిన కొలతలు, ఎక్కడెక్కడ తప్పు దొర్లుతుందో, ఏది ఎందుకు మార్చాల్సి వచ్చిందో కింద ఉన్నాయి. అంకెలన్నీ కాగితం మీద సరిచూసుకోగలిగినవే. మీ ప్రోగ్రాం వేరే అంకె ఇస్తే ప్రోగ్రామునే అనుమానించండి.

దశ 1: సరంజామా, లిపి, లోకం కొలత

1. పైథాన్ 3. బయటి లైబ్రరీలేవీ అక్కర్లేదు. భాషతో వచ్చే ఐటర్‌టూల్స్ సరిపోతుంది.
2. వాక్యాన్ని విడదీయడానికి షమ్‌ఖెస్ పార్సర్. ఇది పీఈజీ వ్యాకరణం మీద నడుస్తుంది, అంటే దారులను వరుసగా చూసి మొదట కుదిరినదాన్నే తీసుకుంటుంది, కాబట్టి ఒక వాక్యానికి ఒకే చెట్టు వస్తుంది.
3. లోకం అంటే మూడు వస్తువులు, వాటి మధ్య ఒక సంబంధం. 3×3 పట్టిక, 9 గడులు, ఒక్కో గడిలో 0 గానీ 1 గానీ. మొత్తం 512 పట్టికలు.
4. సరైన జవాబుల పట్టీ. జవాబును సూత్రంగానే రాసుకోవాలి. మాటల్లో రాస్తే "ప్రతి ఒక్కరూ ఒక పుస్తకం చదివారు" అన్నదానికి కూడా రెండర్థాలు వచ్చి, పరీక్షే గందరగోళంలో పడుతుంది.

ఈ డైరీలో లోజ్బాన్ మాటలు అక్షరానికి అక్షరంగా తెలుగులో ఉన్నాయి. అచ్చులన్నీ హ్రస్వాలే. రొ అంటే అన్నీ, సుహొ అంటే కనీసం ఒకటి. ద, దె, ది అనేవి చలరాశులు. ప్రమి అంటే మొదటి స్థానంలోని వ్యక్తి రెండో స్థానంలోని వ్యక్తిని ప్రేమించడం. సె అనే మాట మొదటి, రెండో స్థానాలను తారుమారు చేస్తుంది.

వస్తువులు మూడే ఎందుకన్నది ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. ∀∃ అంటే ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరిని ప్రేమిస్తారు. ∃∀ అంటే అందరూ ప్రేమించే వ్యక్తి ఒకరున్నారు.

- 1 వస్తువు: 2 పట్టికలు. ∀∃ నిజమయ్యేవి 1, ∃∀ నిజమయ్యేవి 1, తేడా 0
- 2 వస్తువులు: 16 పట్టికలు. 9, 7, తేడా 2
- 3 వస్తువులు: 512 పట్టికలు. 343, 169, తేడా 174
- 4 వస్తువులు: 65,536 పట్టికలు. 50,625, 14,911, తేడా 35,714
- 5 వస్తువులు: 3,35,54,432 పట్టికలు. మామూలు పైథాన్ లూపుకి ఇది మరీ బరువు

343 ఎలా వచ్చిందంటే, ప్రతి అడ్డువరుసలో కనీసం ఒక 1 ఉండాలి. ఒక వరుసను అలా నింపే పద్ధతులు 7, కాబట్టి 7×7×7. నిండు నిలువువరుస ఒక్కటీ లేని పట్టికలు కూడా 343 కాబట్టి ∃∀ కి 512−343, అంటే 169. ఒకే వస్తువున్న లోకంలో ఈ రెండర్థాలకూ తేడానే ఉండదు. రెండు వస్తువుల లోకంలో రెండే పట్టికలు వాటిని విడదీస్తాయి. ఒక గడి తప్పినా ఆ తేడా కనబడకుండా పోతుంది. మూడు దగ్గర తేడా పెద్దగా కనబడుతుంది, లెక్క కూడా వెంటనే తేలుతుంది.

దశ 2: స్థానాల పట్టీలో క్రమం మాయమైంది

లోజ్బాన్ నియమం చిన్నది. క్వాంటిఫైయర్లు వాక్యంలో ఏ వరుసలో వినిపిస్తే స్కోప్ కూడా అదే వరుసలో ఉంటుంది. ముందు వచ్చినది బయట, తర్వాత వచ్చినది లోపల. కర్త ఎవరు, కర్మ ఎవరు అన్నదానితో పనిలేదు.

మొదటి రూపంలో ప్రోగ్రాం వాక్యంలోని పదబంధాలను స్థానసంఖ్యతో డిక్షనరీలో దాచింది: 1లో ఇది, 2లో అది అన్నట్టు. సూత్రం రాసేటప్పుడు 1 నుంచి మొదలుపెట్టింది. ఐదు వాక్యాల మీద ఫలితం ఇదీ:

1. రొ ద ప్రమి సుహొ దె. రావలసింది 343, వచ్చింది 343
2. రొ ద సుహొ దె ప్రమి. రావలసింది 343, వచ్చింది 343
3. సుహొ దె సె ప్రమి రొ ద. రావలసింది 169, వచ్చింది 343
4. ఫె సుహొ దె ఫ రొ ద ప్రమి. రావలసింది 169, వచ్చింది 343
5. సుహొ దె రొ ద జొహు ద ప్రమి దె. రావలసింది 169, వచ్చింది 511

మూడో వాక్యంలో సె వల్ల స్థానాలు తారుమారయ్యాయి. వాటిని సరిచేసి డిక్షనరీలో పెట్టేసరికి రొ ద 1లో, సుహొ దె 2లో కూర్చున్నాయి. ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారో సరిగ్గానే నిలిచింది గానీ ఎవరు ముందు వచ్చారో పోయింది. నాలుగోదాంట్లో ఫ, ఫె అనే గుర్తులు స్థానాన్ని నేరుగా చెబుతాయి, అక్కడా ఇదే కథ. స్థానం వేరు, వరుస వేరు. ఈ రెండింటినీ ఒకే పెట్టెలో దాస్తే రెండోది పోతుంది. ఇంగ్లీషు వాక్యాలకు అలవాటుపడిన పార్సర్ కోడును తెచ్చి వాడితే మొదట తగిలే దెబ్బ ఇదే. అక్కడ కర్త, కర్మ తెలిస్తే మిగతాది ఎలాగూ తర్వాత తేల్చుకోవచ్చు కాబట్టి వరుసను ఎవరూ దాచరు.

మార్పు:

1. డిక్షనరీ తీసేసి జాబితా పెట్టాం. ప్రతి అంశంలో నాలుగు గడులు: వాక్యంలో ఎన్నో మాట, ఏ స్థానం, ఏ క్వాంటిఫైయర్, ఏ చలరాశి.
2. సూత్రం ముందుభాగాన్ని మొదటి గడి ప్రకారం పేర్చాం.
3. సంబంధం లోపలి స్థానాలను రెండో గడి ప్రకారం నింపాం.

దీంతో 3, 4 సరయ్యాయి. ఐదోదాంట్లో జబ్బు వేరు. జొహు అనేది ముందుమాట ముగిసిందని చెప్పే గుర్తు. దాని ముందు చలరాశులను పరిచయం చేసేస్తే తర్వాత వాటిని ఎలా తిప్పి వాడినా స్కోప్ మారదు. కానీ లోజ్బాన్‌లో ఒంటరి ద మొదటిసారి కనబడితే దాని ముందు సుహొ ఉందనే అర్థం. ప్రోగ్రాం రెండోసారి వచ్చిన ద కి కూడా అలాగే సుహొ తగిలించింది. దాంతో "ఎవరో ఎవరినో ప్రేమిస్తారు" అన్న అర్థం మిగిలింది. ఖాళీ పట్టిక తప్ప అన్నీ నిజమే కాబట్టి 511. మీ పరీక్షలో 511 వచ్చిందంటే ముందుగా పరిచయమైన చలరాశుల చిట్టా చూడండి. వాక్యం మొదట్లో ఖాళీ చిట్టా తెరిచి, పరిచయమైన ప్రతి చలరాశినీ అందులో రాసుకుంటే సరిపోయింది. ఇఝె తో కలిపిన తర్వాతి వాక్యానికి కూడా అదే చిట్టా కొనసాగాలి. ఒట్టి ఇ తో మొదలైతే కొత్త చిట్టా తెరవాలి.

నడుస్తున్న లెక్క: వాక్యాలు 5, సరైనవి 5.

దశ 3: ఇంగ్లీషు వైపు

"ఎవ్రీ స్టూడెంట్ రెడ్ ఎ బుక్" అన్న వాక్యానికి వ్యాకరణం ప్రకారం చెట్టు ఒక్కటే, అర్థాలు రెండు. పదక్రమం మొగ్గును మాత్రమే చెబుతుంది, నిర్ణయాన్ని కాదు. కర్మణిలోకి మార్చి "ఎ బుక్ వాజ్ రెడ్ బై ఎవ్రీ స్టూడెంట్" అంటే మొగ్గు రెండోవైపు జరుగుతుంది గానీ మొదటి అర్థం చచ్చిపోదు. గదిలో ఉన్న అందరికీ రెండు భాషలు తెలియడం గురించి ఇలాంటి జంటను 1957లోనే భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీ చూపించాడు. ఎవ్రీ బదులు ఈచ్ పెడితే బయటి స్కోప్ వైపు లాగుతుంది. ఎ బదులు ఎ సర్టెన్ పెట్టినా అంతే. ఇవన్నీ పదాల స్వభావాలు, వరుసతో సంబంధం లేనివి. వీటిని నియమాలుగా రాయడం మొదలుపెడితే అంతుండదు. కాబట్టి ప్రోగ్రాం ఏ అర్థాన్నీ ఎంచుకోదు, అన్నీ చూపిస్తుంది.

పద్ధతి కూపర్ స్టోరేజ్ అనే పాతది:

1. వాక్యంలోని ప్రతి క్వాంటిఫైయర్ పదబంధాన్నీ తీసి పక్కన పెట్టాలి, దాని చోట ఒక చలరాశి ఉంచాలి.
2. పక్కన పెట్టినవాటిని అన్ని వరుసల్లో తిరిగి ముందు తగిలించాలి. రెండుంటే 2 వరుసలు, మూడుంటే 6, నాలుగుంటే 24.
3. ఏ చలరాశికైనా కట్టు లేకుండా మిగిలితే ఆ వరుసను పారేయాలి.

మూడో మెట్టు వదిలేస్తే ఏమవుతుందో చూపే వాక్యం: "సమ్ ఫ్యాన్ ఆఫ్ ఎవ్రీ బుక్ నోస్ టూ లాంగ్వేజెస్". ఇందులో మొదటి పదబంధం కడుపులో రెండోది ఉంది. సమ్ ఫ్యాన్ ముందు, తర్వాత టూ లాంగ్వేజెస్, చివర ఎవ్రీ బుక్ అన్న వరుసలో తగిలిస్తే, అభిమాని దేనికి అభిమానో చెప్పే చలరాశి తన క్వాంటిఫైయర్ కంటే బయటే తేలుతుంది. సూత్రంలా కనబడుతుంది కానీ దానికి అర్థం లేదు. ఆరింటిలో ఐదే నిలుస్తాయి. ఇలాంటి లోపలి పదబంధాలను సరిగ్గా దాటే పద్ధతిని హాబ్స్, షీబర్ అనే పరిశోధకులు 1987లో ఇచ్చారు. మూడుకు మించి క్వాంటిఫైయర్లుంటే ఆ పద్ధతే వాడాలి. అన్నీ పుట్టించి తర్వాత ఏరడం వృథా.

లోజ్బాన్ వైపు ఈ దశకు సమానమైన కోడే లేదు. వరుస ఒకటే, అర్థం ఒకటే. అక్కడ శ్రమంతా వేరే చోట ఉంది.

దశ 4: నిషేధం, సంఖ్య ఒకటే అయి అర్థం వేరైన కేసు

లోజ్బాన్‌లో "కాదు" అనే దారుల్లో రెండు ఇక్కడ పనికొస్తాయి. న అనేది క్రియాపదం ముందు కూర్చుంటుంది. నకు వాక్యంలో ఎక్కడైనా పదబంధంలా నిలబడుతుంది. 1997లో వచ్చిన ప్రామాణిక వ్యాకరణం ప్రకారం న ఎక్కడ వినిపించినా మొత్తం వాక్యాన్ని, అన్ని క్వాంటిఫైయర్లతో సహా, కాదంటుంది. నకు మాత్రం నిలబడ్డ చోటు నుంచి కుడివైపే పనిచేస్తుంది.

6. రొ ద న ప్రమి సుహొ దె. 169
7. నకు రొ ద ప్రమి సుహొ దె. 169
8. రొ ద నకు ప్రమి సుహొ దె. 1
9. రొ ద ప్రమి సుహొ దె నకు. 343
10. సుహొ ద నకు ప్రమి సుహొ దె. 169

ఆరో వాక్యంలో ప్రోగ్రాం న ని కనబడిన చోటే ఉంచి 1 ఇచ్చింది. అంటే ఎవరూ ఎవరినీ ప్రేమించని ఒకే ఒక్క లోకం. రావలసిందేమో "అందరూ ఎవరో ఒకరిని ప్రేమిస్తారన్నది నిజం కాదు". "ఎవ్రీ డోర్ ఈజ్ నాట్ లాక్డ్" అన్న ఇంగ్లీషు వాక్యంలో వినేవాళ్లు ఊహించుకోవలసిన తేడా ఇదే. న ను సూత్రం మొదటికి పంపే ఒక వాక్యం కోడులో చేర్చాక సరిపోయింది. న ను ఉన్నచోటే చదివే వాడుకరులూ ఉన్నారు కాబట్టి దాన్ని మార్చుకోగల సెట్టింగుగా ఉంచాం. మామూలుగా 1997 పద్ధతే నడుస్తుంది.

అసలు చిక్కు తొమ్మిదోది. పరీక్ష మొదటి నుంచీ పాసవుతూనే ఉంది, కానీ సూత్రం తప్పు. చివర వచ్చిన నకు చెట్టులో క్రియ తర్వాతి కొమ్మకు వెళ్తుంది. ఆ కొమ్మలో మా కోడు క్వాంటిఫైయర్ ఉన్న పదబంధాలనే ఏరుకుంటోంది. నకు లో క్వాంటిఫైయర్ లేదు కాబట్టి రాలిపోయింది. మిగిలింది ఒకటో వాక్యమే, దాని సంఖ్య కూడా 343. "ప్రతి ఒక్కరికీ తాము ప్రేమించేవారు ఎవరో ఒకరున్నారు", "ప్రతి ఒక్కరికీ తాము ప్రేమించనివారు ఎవరో ఒకరున్నారు" అనే రెండూ 512లో 343 చొప్పున నిజం. కానీ అవే పట్టికలు కావు. రెండూ కలిసి నిజమయ్యేవి 216, అంటే ప్రతి వరుసా ఖాళీగానూ ఉండకూడదు, నిండుగానూ ఉండకూడదు, 6×6×6. మిగిలిన 127, 127 పట్టికల్లో అవి విడిపోతాయి.

169 దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. మూడో వాక్యం, ఏడో వాక్యం రెండింటికీ 169. మూడోదానికి నిండు నిలువువరుస ఉండాలి, ఏడోదానికి ఖాళీ అడ్డువరుస. ఈ రెండూ ఒకే పట్టికలో కలిసి ఉండలేవు. సంఖ్య ఒకటే అయినా ఒక్క లోకంలోనూ కలవవు.

మార్పు:

1. సంఖ్యను పోల్చడం ఆపేశాం.
2. 512 పట్టికలను ఎప్పుడూ ఒకే వరుసలో తిప్పి, ఒక్కో సూత్రానికి 512 అంకెల 0/1 గొలుసు తయారుచేశాం. అదే ఆ సూత్రం వేలిముద్ర.
3. జవాబుల పట్టీలో సూత్రం నుంచి వచ్చిన వేలిముద్రతో ప్రతి అంకెనూ పోల్చాం. సంఖ్యను చదివేవాళ్ల కోసం మాత్రమే పక్కన అచ్చువేస్తున్నాం.
4. చెట్టులోని ప్రతి కొమ్మకూ "చూశాను" గుర్తు పెట్టాం. ఏ కొమ్మ మిగిలినా ప్రోగ్రాం ఆగిపోతుంది.

వేలిముద్రలు వచ్చాక 7, 10 రెండూ అక్షరాలా ఒకటేనని తేలింది. నకు ఒక రొ ని దాటి కుడికి జరిగితే ఆ రొ సుహొ అవుతుంది, సుహొ ని దాటితే రొ అవుతుంది. ఈ సూత్రాన్ని కోడులో ఎక్కడా రాయలేదు, లెక్కే దాన్ని బయటపెట్టింది. పదక్రమం ఇంత నిక్కచ్చిగా అర్థాన్ని మోసే భాషలో పనిచేయడంలో ఉన్న అందం ఇదే.

నడుస్తున్న లెక్క: వాక్యాలు 10, సరైనవి 10. ఇవన్నీ వేలిముద్రలతో పోల్చినవే.

దశ 5: సంఖ్యలు

ఇక్కడ లోకాన్ని మార్చాం: ముగ్గురు మనుషులు, మూడు పుస్తకాలు, మధ్యలో విస్క, అంటే చూడటం. మళ్లీ 512 పట్టికలే.

11. షి ప్రెను షు విస్క రె షుక్త. 27
12. రె షుక్త షు సె విస్క షి ప్రెను. 21

షి అంటే మూడు, రె అంటే రెండు. ప్రెను అంటే మనిషి, షుక్త అంటే పుస్తకం. షు అనేది ఇక్కడి నుంచి క్రియ అని చెప్పే గుర్తు. లోజ్బాన్‌లో ఒట్టి సంఖ్య "సరిగ్గా అన్ని" అని చెబుతుంది, "కనీసం" కాదు. పదకొండోది: సరిగ్గా ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరూ సరిగ్గా రెండేసి పుస్తకాలు చూశారు. ఒక్కో మనిషికీ 3 పద్ధతులు, 3×3×3=27. ఏ రెండు పుస్తకాలన్నది మనిషి మనిషికీ మారవచ్చు. పన్నెండోది: సరిగ్గా రెండు పుస్తకాలు, ఒక్కోదాన్నీ ముగ్గురూ చూశారు. ఆ రెండు పుస్తకాలను ఎంచుకోవడానికి 3 దారులు, మూడో పుస్తకం నిండుగా తప్ప ఎలాగైనా ఉండవచ్చు, 7 దారులు. 21.

సుహొ, రొ ల విషయంలో ∃∀ నిజమైతే ∀∃ తప్పక నిజం. సంఖ్యలతో ఆ ఆసరా లేదు. 27కీ 21కీ ఉమ్మడివి 3 మాత్రమే. ఏదీ రెండోదానికి దారితీయదు. ఇంగ్లీషు స్కోప్ పుట్టించే కోడులో "బలమైన అర్థం దొరికితే బలహీనమైనదాన్ని వదిలేయి" అన్న ఆదా చిట్కా ఉండవచ్చు. సంఖ్యలున్న వాక్యాల్లో దాన్ని ఆపేయాలి, లేకపోతే నిజమైన అర్థం ఒకటి రాలిపోతుంది.

కోడులో "సరిగ్గా మూడు"ను మూడు ∃ లుగా, వాటి మధ్య ≠ లుగా విప్పడం దండగ, తప్పులకు నిలయం. లోపలి భాగం ఎన్ని వస్తువులకు నిజమైందో కూడి, ఆ మొత్తం 3కి సమానమా అని చూస్తే చాలు. అయితే ఒక తనిఖీ అవసరం. ముగ్గురే ఉన్న లోకంలో "సరిగ్గా ముగ్గురు", "కనీసం ముగ్గురు" ఒకటే. నలుగురు మనుషులు, మూడు పుస్తకాలున్న లోకంలో, 4,096 పట్టికల్లో, పదకొండో వాక్యం 540 చోట్ల నిజం కావాలి. 621 వస్తే "కనీసం" అని చదివినట్టు. ఆ 540లో నాలుగో మనిషి ఒక పుస్తకం చూసి ఉండవచ్చు, మూడూ చూసి ఉండవచ్చు, ఏదీ చూడకపోవచ్చు. సరిగ్గా రెండు మాత్రం చూడకూడదు. "సరిగ్గా ముగ్గురు" అన్నది పుస్తకం చూసినవాళ్ల సంఖ్య కాదు, రెండేసి చూసినవాళ్ల సంఖ్య. దీన్ని కాగితం మీద ఒకసారి గీసి చూసుకోవడం మంచిది.

రెండు సంఖ్యలకూ సమాన స్కోప్ ఇవ్వాలంటే లోజ్బాన్ వేరే కట్టడం ఇస్తుంది:

13. నుహి షి ప్రెను రె షుక్త నుహు షు విస్క

షి ప్రెను షెహె రె షుక్త షు విస్క అన్నా అదే. ముగ్గురు మనుషులు, రెండు పుస్తకాలు, ప్రతి ఒక్కరూ ప్రతిదాన్నీ చూశారు. మిగిలిన పుస్తకాన్ని పట్టించుకోకపోతే 22, చూపులన్నీ ఆ ఆరు జతలకే పరిమితమంటే 3. రెండూ సెట్టింగులో ఉన్నాయి.

"త్రీ పీపుల్ సా టూ బుక్స్" అన్న ఇంగ్లీషు వాక్యానికి ఇవన్నీ పోను ఇంకో అర్థం కూడా ఉంది: చూసినవాళ్లు మొత్తం ముగ్గురు, చూసిన పుస్తకాలు మొత్తం రెండు, ఎవరు ఏది అన్నది చెప్పలేదు. దీనికి 75 పట్టికలు. ఈ అర్థం క్వాంటిఫైయర్లను ఏ వరుసలో పేర్చినా రాదు. కూపర్ పద్ధతికి కూడా ఇది అందదు, విడిగా రాయాలి.

నడుస్తున్న లెక్క: వాక్యాలు 13, సరైనవి 13.

దశ 6: గోడలు

వరుస నియమం ఒక వాక్యం నాలుగు గోడల లోపలే చెల్లుతుంది. ఉపవాక్యం తనదైన చిన్న లోకం. ఆ గోడలు ఎక్కడున్నాయో తెలియకపోతే మొదటి దశల్లో కట్టిందంతా తప్పు జవాబులిస్తుంది. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

14. రొ నెల్షి బె సుహొ షుక్త షు గ్లెకి

ఏదో ఒక పుస్తకం నచ్చిన ప్రతి ఒక్కరూ సంతోషంగా ఉన్నారు. మూడు మనుషులు, మూడు పుస్తకాల పట్టికకు సంతోషం అనే మూడు గడులు కలిపితే 4,096 లోకాలు. ప్రోగ్రాం 3,375 ఇచ్చింది. రావలసింది 729. కారణం: రొ ముందు, సుహొ తర్వాత అని రెండింటినీ బయటికి లాగి ∀∃ పేర్చింది. "అయితే" అన్న గుర్తుకు ఎడమవైపున్న ∃ ని అలాగే బయటికి తెస్తే అర్థం పలచబడిపోతుంది. ఏదో ఒక పుస్తకం నచ్చకపోతే చాలు, షరతు తీరిపోయినట్టే. బె తర్వాత వచ్చేది వర్ణన లోపలి వాక్యం, దాని క్వాంటిఫైయర్ అక్కడే ఆగిపోవాలి. పొయ్ తో మొదలయ్యే ఉపవాక్యమూ అంతే.

సుహొ నిజంగా బయట ఉండాలంటే వాక్యమే మారాలి:

15. సుహొ ద పొయ్ షుక్త జొహు రొ నెల్షి బె ద షు గ్లెకి. 2,913

గోడల తర్వాత పెద్ద పరీక్ష "ఎవ్రీ పర్సన్ హూ ఓన్స్ ఎ బుక్ లైక్స్ ఇట్". 1962లో తత్వవేత్త గీచ్ గాడిదలున్న రైతుల వాక్యంతో ప్రసిద్ధం చేసిన చిక్కు ఇదే. ఇంగ్లీషు ఇట్ గోడ దూకుతుంది. లోజ్బాన్ దె దూకదు. పొయ్ లోపల సుహొ దె అని, బయట దె అంటే, ఆ బయటిది కొత్త దె. చలరాశి పుస్తకాలకే పరిమితమైన లోకంలో ఆ వాక్యం 2,62,144 లోకాల్లో (పుస్తకం ఉండటానికి 9 గడులు, నచ్చడానికి 9) 1,85,193 చోట్ల నిజమవుతుంది. "పుస్తకమున్న ప్రతివారికీ ఏదో ఒకటి నచ్చుతుంది" అన్నంత పలచని మాట. కావలసింది 19,683 మాత్రమే:

16. రొ ద పొయ్ ప్రెను కుహొ రొ దె పొయ్ షుక్త జొహు గనై ద పొన్సె దె గి ద నెల్షి దె

గనై, గి జత "ఇలా అయితే అలా" అని చెబుతుంది. ఇందులో కుహొ మీద కన్నేసి ఉంచండి. అది పొయ్ ఉపవాక్యాన్ని మూసే తలుపు. వదిలేస్తే వెనకాలే వచ్చే రొ దె ని ప్రెను తన రెండో స్థానంలోకి మింగేస్తుంది. ప్రెను కి ఒక్కటే స్థానం కదా అనుకోవచ్చు. పార్సర్‌కు ఏ పదానికి ఎన్ని స్థానాలో తెలియదు, అది వ్యాకరణం చూసే పనే కాదు. తప్పేమీ లేదంటూ చెట్టు ఇస్తుంది. దీనికి పదాల స్థానసంఖ్యల పట్టీ విడిగా పెట్టి, ఉన్నదానికంటే ఎక్కువ పదబంధాలు చేరితే హెచ్చరించేలా చేశాం.

కోరికలు కూడా గోడలే:

17. మి ద్ఝిష లొ ను మి పొన్సె సుహొ షుక్త
18. సుహొ ద పొయ్ షుక్త జొహు మి ద్ఝిష లొ ను మి పొన్సె ద

మొదటిది ఏదో ఒక పుస్తకం ఉంటే చాలన్న కోరిక, ఫలానా పుస్తకమని లేదు. రెండోది ఒకానొక పుస్తకం మీద కోరిక. "ఐ వాంట్ టు ఓన్ ఎ బుక్" ఈ రెండింటినీ ఒకే నోట చెబుతుంది. కోరికను 0/1 పట్టికతో కొలవలేం కాబట్టి ఇక్కడ సూత్రాల చెట్లనే పోల్చాం.

19. రొ ప్రెను ప్రమి సుహొ ప్రెను

ఇది తప్పు వాక్యం, పరీక్ష కోసమే పెట్టింది. షు లేకపోవడంతో ప్రెను ప్రమి కలిసి "మనిషిలాంటి ప్రేమికుడు" అన్న ఒక్క పదబంధమైపోయింది. మిగిలింది క్రియలేని రెండు పదబంధాలు. వ్యాకరణం దీన్ని జవాబు ముక్కగా ఒప్పుకుంటుంది, పార్సర్ కిక్కురుమనదు. క్రియ లేని చెట్టు వస్తే సూత్రం రాయకుండా ఆగిపోవాలని నియమం పెట్టాం.

నడుస్తున్న లెక్క: వాక్యాలు 19, సరైనవి 19.

దశ 7: లొ, ఖాళీ సమూహాలు

క్లుప్తంగా. లొ అనేది ఒక పదాన్ని వస్తువు పేరుగా వాడుకోనిచ్చే మాట. 1997 వ్యాకరణంలో లొ ప్రెను అంటే దాని ముందు కనబడని సుహొ ఉన్నట్టే. తర్వాత వచ్చిన ఖొర్లొ సవరణ ఆ సుహొ ని తీసేసింది. ఇప్పుడు లొ పదబంధానికి స్కోపే లేదు, ఒక పేరులా నిలబడుతుంది. జాబితాలో దాని క్వాంటిఫైయర్ గడిని ఖాళీగా ఉంచితే చాలు. పాత రచనలు చదివించాలంటే సెట్టింగు మార్చుకోండి.

ఎవరికీ ఏ పుస్తకమూ నచ్చని లోకంలో పద్నాలుగో వాక్యం నిజమా అన్నది రెండో సంగతి. గణితం అలవాటు ప్రకారం నిజం. 1997 వ్యాకరణం మాత్రం రొ చెప్పినచోట అలాంటివాళ్లు ఉన్నారని కూడా చెప్పినట్టేనంటుంది. మొదటిది 729, రెండోది 721. తేడా ఎనిమిది, అవి పట్టిక పూర్తిగా ఖాళీ అయి సంతోషం గడులు మాత్రం మారే ఎనిమిది లోకాలు. మీ అంకె 721 అయితే కోడు చెడిపోలేదు, సెట్టింగు వేరు.

దశ 8: కలిపే పదాలు

"నన్నూ నిన్నూ" అనే మి .ఎ దొ కి కూడా ఎడమ నుంచి కుడికి అన్న నియమాన్నే వర్తింపజేశాం. లోకం మళ్లీ మొదటి 512 పట్టికలదే, అందులోని ముగ్గురిలో ఇద్దరు మి (నేను), దొ (నువ్వు).

20. సుహొ ద ప్రమి మి .ఎ దొ. 296
21. మి .ఎ దొ సె ప్రమి సుహొ ద. 392

ఇరవయ్యోది: ఒకే మనిషి ఇద్దరినీ ప్రేమిస్తాడు. ఇరవై ఒకటోది: నన్ను ఒకరు, నిన్ను ఒకరు, ఆ ఇద్దరూ వేరైనా ఫర్వాలేదు. మొదట .ఎ ని చూసిన వెంటనే వాక్యాన్ని రెండుగా చీల్చి కలిపాం, ఇరవయ్యోది కూడా 392 ఇచ్చింది. చీల్చిన రెండో ముక్కలో సుహొ ద మళ్లీ మొదటి నుంచి మొదలవడమే కారణం. .ఎ ని రెండే వస్తువులున్న చిట్టా మీద నడిచే ∀ గా, .అ ని అలాంటి ∃ గా భావించి, మిగతా క్వాంటిఫైయర్లతో పాటే జాబితాలో వాటి వరుసలో పెట్టాక కొత్త కోడు అవసరమే లేకపోయింది. చీల్చే భాగాన్ని తీసేశాం.

నడుస్తున్న లెక్క: వాక్యాలు 21, సరైనవి 21. ఆరోది, పదమూడోది, పద్నాలుగోది లాంటివి సెట్టింగును బట్టి రెండేసి జవాబులిస్తాయి. వాటి రెండు వేలిముద్రలూ జవాబుల పట్టీలో ఉండాలి.